నెలలు నిండకుండా పుట్టిన మా బాబుకు టీకాలు: నా అనుభవం

మా బాబు 2024 జూన్ 11న పుట్టాడు. డాక్టరమ్మ మాకు ఇచ్చిన కాన్పు తేదీ జూలై 30. అంటే ఏడు వారాలు ముందే వచ్చేశాడు. నాకు బీపీ బాగా పెరిగిపోయింది, ఇంక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని గుంటూరులో ఆపరేషన్ చేసి తీశారు. బరువు 1,640 గ్రాములు. ఇంత చిన్న ప్రాణానికి టీకాలు ఎప్పటి నుంచి లెక్కేయాలి, అసలు తట్టుకుంటాడా అని మేం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెప్పారు. 2025 మార్చిలో తొమ్మిదో నెల టీకాలు కూడా అయిపోయాయి. మాలాగే ఇంట్లో బరువు తక్కువ బిడ్డ ఉన్నవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అందరూ ముందుగా అడిగేది ఇదే కాబట్టి మొదట ఇదే చెప్పేస్తాను. టీకాల లెక్క బిడ్డ పుట్టిన తేదీ నుంచే, డాక్టర్లు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి కాదు. ఎదుగుదల చూసేటప్పుడు మాత్రం, అంటే మెడ నిలిపాడా, బోర్లా పడ్డాడా, కూర్చున్నాడా అని చూసేటప్పుడు ముందొచ్చిన ఆ ఏడు వారాలూ తీసేసి లెక్కేస్తారు. ఈ రెండు లెక్కలూ వేరని మా పిల్లల డాక్టరు కాగితం మీద గీసి మరీ చెప్పారు. తల్లి నుంచి బిడ్డకు రావాల్సిన రక్షణలో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే అందుతుందట. అది సగంలోనే ఆగిపోయిన బిడ్డకు కోరింత దగ్గు, న్యుమోనియా లాంటివి వస్తే తట్టుకోవడం కష్టం. అందుకే చిన్నవాడని ఆపకూడదు, చిన్నవాడు కాబట్టే ఆలస్యం చేయకూడదు అన్నారు.

పుట్టిన రోజే తొడకు హెపటైటిస్-బి సూది వేశారు. నేనింకా మత్తులోనే ఉన్నాను, మా వారు సంతకం పెట్టి వచ్చి చెప్పారు. రెండు కేజీల లోపు బిడ్డల్లో ఈ మొదటి డోసు సరిగా పనిచేయకపోవచ్చు, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోరట. తర్వాత పెంటాలో (అయిదు రోగాలకు కలిపి వేసే సూది) కలిసి వచ్చే మూడు డోసులూ మాత్రం తప్పకుండా పడాలని చెప్పారు. క్షయ రాకుండా వేసే బీసీజీ సూది, పోలియో చుక్కలు ఆ రోజు వేయలేదు. డిశ్చార్జి ముందు వేస్తామన్నారు.

ఐసీయూలో దాదాపు మూడు వారాలు ఉన్నాం. దాని గురించి ఎక్కువ రాయలేను, ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టేస్తుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దావిడ "ఏడో నెలలో పుడితే బతుకుతారు గానీ, ఎనిమిదో నెల బిడ్డలే కష్టం" అని నా ముందే అనేసింది. ఆ రాత్రంతా ఏడ్చాను. తెల్లారి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడిగితే, కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత మంచిదమ్మా, ఆ మాటకు అర్థమే లేదు అని చెప్పి, బాబును తెచ్చి నా గుండెల మీద పడుకోబెట్టింది. కంగారూ కేర్ అంటారు దాన్ని. బట్టలేవీ అడ్డం లేకుండా, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని పైన దుప్పటి చుట్టుకోవాలి. మా వారు కూడా చొక్కా విప్పి గంటల తరబడి అలాగే కూర్చునేవారు. మొత్తం బిల్లు రెండు లక్షల దాకా అయింది.

జూలై 1న డిశ్చార్జి. బరువు 1,850 గ్రాములు. బయల్దేరే ముందు ఎడమ భుజానికి బీసీజీ వేసి, నోట్లో రెండు పోలియో చుక్కలు వేశారు. బీసీజీ చర్మం పైపొరలోనే వేస్తారు కాబట్టి అక్కడ చిన్న బుడగలా లేచి, కాసేపట్లో అణిగిపోయింది.

టీకా కాకపోయినా కంటి పరీక్ష గురించి ఇక్కడే చెప్పాలి, చాలామందికి తెలియదు. నెలలు నిండకుండా, రెండు కేజీల లోపు పుట్టిన పిల్లలకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. అవి దారి తప్పి పెరిగితే చూపే పోవచ్చు. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. అందుకని పుట్టిన నెలలోపు ఒకసారి చూపించి తీరాలి. డిశ్చార్జి కాగితంలో ఆ మాట చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. మా వారు చదివారు కాబట్టి సరిపోయింది. జూలై 5న విజయవాడ దగ్గర తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాం. కంటిపాప పెద్దదవడానికి కాసేపటికోసారి చుక్కలు వేస్తారు. తర్వాత బిడ్డను గుడ్డలో గట్టిగా చుట్టి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టి చూస్తారు. బాబు గుక్కపెట్టి ఏడ్చాడు. బయట కూర్చున్న నేను అంతకంటే ఎక్కువే ఏడ్చాను. పరీక్షకు ముందు వెంటనే పాలు పట్టొద్దు, కక్కుకుంటారు, ఓ గంట ముందే పట్టేయాలి. ఇంకా నాళాలు అంచుదాకా రాలేదు, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. అలా సెప్టెంబరు దాకా తిరిగాం.

జూలైలో ఆ మొదటి పరీక్ష అయ్యాక అక్కడి నుంచి తెనాలి దగ్గర మా అమ్మగారి ఊరు చేరాం. ఇంటికి రాగానే ఇంకో రకం పోరాటం మొదలైంది. స్నానం పోసే అవ్వ సాంబ్రాణి పొగ వేస్తానంటుంది. ఒకరు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమంటారు, ఇంకొకరు ముక్కులో ఆముదం చుక్క వేయమంటారు. డాక్టరు తల్లిపాలు, ఆయన రాసిన చుక్కల మందులు తప్ప ఇంకేమీ వద్దన్నారు. పొగ అయితే అసలు పనికిరాదు, ఈ ఊపిరితిత్తులు ఇంకా లేతవి అన్నారు. అమ్మకు ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డాను గానీ, విన్నాక ఆవిడే గుమ్మం దగ్గర కాపలా నిలబడి అందరికీ సర్దిచెప్పింది.

డాక్టరు రాసిన ఆ చుక్కలు విటమిన్-డి, ఐరన్. ఐరన్ మొదలుపెట్టిన నాలుగో రోజుకో అయిదో రోజుకో దొడ్డికి నల్లగా వెళ్లాడు. ఇంట్లో గుండెలు జారిపోయాయి. ఐరన్ వల్ల అలా అవుతుందని ఫోన్లో చెబితే గానీ ప్రాణం కుదుటపడలేదు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్రపోయేవాళ్లం.

ఆరు వారాల టీకా తేదీ జూలై 23. మా ఊళ్లో బుధవారం టీకాలు వేస్తారు కాబట్టి 24న వెళ్లాలి. గమనించారా, మాకు ఇచ్చిన కాన్పు తేదీకి అది ఇంకా ఆరు రోజుల ముందు. కడుపులో ఉండాల్సిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని మూడు సూదులు వేయించడానికి వెళ్తున్నానన్న ఆలోచనే నన్ను తినేసింది. ఒంగోలు నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసి, ఇంకో నెలన్నర ఆగి, ఒళ్లు చేశాక వేయిద్దామమ్మా అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు, నా మనసు కూడా అదే కోరుకుంది. మా వారు డాక్టరుతో ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. బాబు చక్కగా పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఆపడానికి కారణమే లేదు అని ఆయన అత్తయ్యగారికే నేరుగా చెప్పారు. మరీ ముందు పుట్టి ఇంకా ఆస్పత్రిలోనే ఉన్న పిల్లల్ని టీకా తర్వాత రెండు మూడు రోజులు ఊపిరి ఆగుతుందేమో కనిపెట్టుకుని చూస్తారట. మమ్మల్ని కూడా రెండు రోజులు రాత్రిపూట గమనించుకోమన్నారు.

ఎక్కడ వేయించాలన్నది ఇంకో చర్చ. ప్రైవేటులో అడిగితే ఆరు రోగాలకు కలిపి వచ్చే సూది, న్యుమోనియా సూది, విరేచనాల రోగం రాకుండా వేసే రోటా చుక్కలు అన్నీ కలిపి ఒక్కసారికి తొమ్మిది పది వేలు చెప్పారు. నొప్పి, జ్వరం తక్కువ ఉంటాయన్నారు. అప్పటికే రెండు లక్షలు కట్టి ఉన్నాం. మా డాక్టరునే సూటిగా అడిగాం. ప్రభుత్వం ఇచ్చే పెంటాతో జ్వరం కాస్త ఎక్కువ రావచ్చు గానీ రక్షణలో లోటేమీ లేదు, న్యుమోనియా టీకా, రోటా చుక్కలు కూడా ఇప్పుడు అక్కడ ఉచితమే, నిశ్చింతగా వేయించుకోండి అన్నారు. మేం ఊళ్లోనే వేయించాం. ఇప్పటికీ ఆ నిర్ణయం మంచిదనే నా నమ్మకం.

ఆ రోజు సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఆశా అక్క పొద్దున్నే ఇంటికొచ్చి పిలిచింది. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అప్పటికే నలుగురైదుగురు తల్లులు ఉన్నారు. ఊళ్లో టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం సిస్టర్ ముందు బరువు చూసింది, 2,420 గ్రాములు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పుస్తకంలో ఉన్న బీసీజీ, హెపటైటిస్-బి, పోలియో తేదీలన్నీ తల్లీ బిడ్డల కార్డులోకి ఎక్కించింది, ఫోన్లో యూ-విన్‌లో (టీకాల వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్) కూడా నమోదు చేసింది. ఆ డిశ్చార్జి పుస్తకం తీసుకెళ్లకపోతే తిప్పలు పడేవాళ్లం, తప్పకుండా వెంట పెట్టుకోండి.

నా భయం చూసి సిస్టర్ నీలం రంగు పెట్టె మూత తీసి చూపించింది. లోపల చుట్టూ ఐస్ ప్యాకులు, మధ్యలో సీసాలు. పెంటా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంది, దాని మధ్యలో తెల్లటి చదరం. "మందు వేడి తగిలి పాడైతే ఈ లోపలి చదరం నల్లబడుతుందమ్మా, చూడు, తెల్లగానే ఉంది" అంది. సిరంజి కొత్త ప్యాకెట్ నా ముందే చింపింది. అది ఒకసారి వాడాక మళ్లీ లాగినా రాదట. సూది వేయగానే దాన్ని చిన్న మెషిన్లో పెట్టి టక్కున తుంచేసింది.

ముందు నోట్లో పోలియో, రోటా చుక్కలు. తర్వాత కుడి భుజానికి చర్మంలోనే చిన్న పోలియో సూది, కుడి తొడకు న్యుమోనియా సూది, అన్నిటికంటే చివర ఎడమ తొడకు పెంటా. ఆ తొడ నా రెండు వేళ్ల మందం కూడా లేదు. సిస్టర్ ఎంతో నిదానంగా వేసింది. పెంటా పడగానే బాబు ముఖం ఎర్రబడిపోయి, కాసేపు గొంతే రాలేదు, తర్వాత ఒక్కసారిగా ఏడుపు అందుకున్నాడు. వెంటనే పాలు పట్టమంది. రెండు నిమిషాలకు తేరుకున్నాడు. అరగంట అక్కడే కూర్చోమంది. ఏదైనా రియాక్షన్ వస్తే వాడే మందుల కిట్ తన దగ్గరే ఉందని చూపించింది. ఏ టీకా ఎందుకు వేసిందో, ఏం రావచ్చో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, కార్డు చేతిలో పెట్టి దీన్ని పోగొట్టొద్దు అంది.

సాయంత్రం నాలుగింటికి ఒళ్లు వెచ్చబడింది. ఏడింటికి 100.8. ఇక్కడొక విషయం జాగ్రత్తగా వినండి. పారాసెటమాల్ చుక్కల మందు వేరు, సిరప్ వేరు. చుక్కల మందులో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు సిరప్‌లో అయిదు ఎంఎల్‌కు 120, 125 అలా ఉంటుంది. పేరు ఒకటే, అట్టపెట్టె రంగు కూడా ఇంచుమించు ఒకటే. మా తమ్ముడు వెళ్తే మందుల షాపులో సిరప్ ఇచ్చి పంపారు. చీటీతో పోల్చి చూసి మళ్లీ పంపించాం. మా బాబు బరువుకు డాక్టరు రాసింది చుక్కల మందు, అదీ అర ఎంఎల్ కూడా లేదు. జ్వరం రాకముందే ముందు జాగ్రత్తగా వేయొద్దని కూడా చెప్పారు. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, పాలు తాగడం మానేసినా, మందకొడిగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు.

ఆ రాత్రి నేనూ అమ్మా వంతులేసుకుని కూర్చున్నాం. పొట్ట ఎగసిపడుతోందా లేదా అని ఫోన్ లైటులో చూస్తూనే ఉన్నాం. రెండింటి దాకా మూలుగుతూనే ఉన్నాడు, కాలు కదిపితే ఏడుపు. తెల్లవారుజామున చెమట పట్టి జ్వరం దిగింది. పొద్దున మామూలుగా పాలు తాగాడు. నాకప్పుడు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారికి వీడియో కాల్ చేసి చూపించాం.

రెండో విడత ఆగస్టు 21న. బరువు 3,300. ఈసారి సూది ఒక్క పెంటానే, మిగతావి చుక్కలు. ముందురోజు నుంచి ముక్కు కారుతోంది. జలుబులో టీకా ఏమిటని అందరూ ఆపమన్నారు. సిస్టర్ జ్వరం చూసి, ఛాతీ గమనించి, ముక్కు కారినంత మాత్రాన ఆపక్కర్లేదు, జ్వరం గట్టిగా ఉంటేనో, బిడ్డ బాగా నలతగా ఉంటేనో ఆపుతాం అని వేసేసింది. జ్వరం మొదటిసారి కన్నా తక్కువే వచ్చింది. అదే వారంలో బీసీజీ వేసినచోట ఎర్రగా గడ్డ లేచి, చిదిమితే వచ్చేలా చీము కనిపించింది. అమ్మ పసుపు రాద్దామంది. అది మామూలే, టీకా పట్టిందని అర్థం, నొక్కొద్దు, ఏమీ రాయొద్దు, తడి తగిలితే మెత్తగా అద్దేయండి చాలు అని సిస్టర్ చెప్పింది. కొన్ని వారాలకు దానంతట అదే ఎండి, చిన్న మచ్చ మిగిలింది.

సెప్టెంబరు మొదటి వారంలో చివరి కంటి పరీక్ష ఉంది. సరిగ్గా అప్పుడే కృష్ణకు వరద, బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లని టీవీలో చూస్తూ, వారధి దాటి బిడ్డను ఎలా తీసుకెళ్లాలో తెలియక చేతులాడలేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, క్రితంసారి నాళాలు దాదాపు అంచుదాకా వచ్చాయి, వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, రోడ్లు బాగయ్యాకే రండి అన్నారు. ఆ తర్వాతి వారం వెళ్లాం. పూర్తిగా పెరిగాయి, ఇంక ఈ పరీక్షకు రానక్కర్లేదు అని డాక్టరమ్మ అన్నప్పుడు మా వారు బయటికెళ్లి చాలాసేపు ఒక్కరే నిలబడ్డారు.

మూడో విడత సెప్టెంబరు 18. మళ్లీ మూడు సూదులు. ఈసారి పెంటా వేసినచోట శనగగింజంత గట్టి ముద్ద మిగిలిపోయింది. కాపడం పెట్టొద్దు, స్నానమప్పుడు ఆ తొడ నలపొద్దు అన్నారు. కరగడానికి నెలకు పైగా పట్టింది.

అయిదో నెలలో నన్నూ బాబునూ హైదరాబాదు పంపాలని అనుకున్నారు గానీ, చలికాలం అయ్యేదాకా ఊళ్లోనే ఉంటే మంచిదని ఆగాం. ఆరు నెలలు నిండాక డాక్టరు ఫ్లూ టీకా వేయించమన్నారు. ఇది ప్రభుత్వ షెడ్యూల్లో లేదు, ప్రైవేటులోనే. డిసెంబరులో ఒకటి, జనవరిలో ఒకటి, ఒక్కోటి రెండు వేల లోపు అయింది. బాబును ఎత్తుకునే నేనూ, మా వారూ, అమ్మా కూడా వేయించుకున్నాం. ఇంటికొచ్చేవాళ్ల దగ్గు, జలుబు నుంచి చంటివాణ్ని కాపాడుకోవడానికి అదొక దారి.

తొమ్మిది నెలలు నిండాక 2025 మార్చి 12, బుధవారం. సిస్టర్ ముందురోజే ఫోన్ చేసి పదింటికల్లా రమ్మంది. తట్టు, రుబెల్లా మందు పొడిగా ఉంటుంది, ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాల్సిందే. అందుకని ఆ వయసు పిల్లలందరినీ ఒకేసారి రమ్మంటుంది. కలిపిన టైము సీసా మీద పెన్నుతో రాసింది. ఆ మీజిల్స్-రుబెల్లా (ఎంఆర్) సూది కుడి భుజానికి, మూడో పోలియో సూది ఎడమ భుజానికి, న్యుమోనియా బూస్టర్ తొడకు వేసి, చివర్లో చెంచాతో విటమిన్-ఎ పట్టింది. ఆ తియ్యటి మందుకు బాబు ఏడుపు ఆపి చప్పరించాడు. జ్వరం ఆ రోజు కాకుండా వారం, పది రోజులకు రావచ్చు, ఒంటి మీద సన్నగా ఎర్రటి పొక్కులు కూడా కనిపించవచ్చు, కంగారు పడొద్దని చెప్పి పంపింది. మాకు తొమ్మిదో రోజు ఒక పూట ఒళ్లు వెచ్చబడింది, అంతే.

ఆ రోజు బరువు 7,400 గ్రాములు. పక్కనే అదే వయసు పాప నేల మీద పాకేస్తోంది, వీడింకా ఆనుకుని కూర్చోవడమే. ఏడు వారాలు తీసేసి చూస్తే మా వాడి వయసు ఏడున్నర నెలలే, ఆ లెక్కకు సరిగ్గానే ఉన్నాడని డాక్టరు చెప్పారు. టీకాల కార్డులో మాత్రం ఇద్దరికీ ఒకే వరుసలో టిక్కులు పడ్డాయి.

ఇక తర్వాత వేయించాల్సినవి 16 నెలలు నిండాక రెండో ఎంఆర్, డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, పోలియో చుక్కలు, విటమిన్-ఎ. అప్పటికి మేం హైదరాబాదులో ఉంటాం. అక్కడి చిరునామా కార్డు కావాలా అని సిస్టర్‌ని అడిగాను. అక్కర్లేదు, ఈ కార్డు, ఫోన్ నంబరు ఉంటే మీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, బస్తీ దవాఖానాలోనో అడగండి, వేస్తారు అంది. ఒకవేళ ఎప్పుడైనా ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదట, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. కార్డు రెండు వైపులా ఫొటో తీసి మా వారికీ, అమ్మకూ, అత్తయ్యగారికీ పంపించాను.